రౌతు కొద్దీ గుర్రం

“రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది” అని సామెత. ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు చెప్పుకుని బతుకుతున్న నేను ఈ సామెతను వాడినన్ని సార్లు మరెవరూ వాడి ఉండరు. క్లాసులో వెనుక బెంచీల నుంచి గుసగుసలు వినబడితే ఈ సామెత. ఇంట్లో పన్నెండేళ్ళ మా అబ్బాయి పద్యం అప్పజెబుతూ తడబడితే ఈ సామెత. “పోనిద్దురూ, పసివాడు” అని మా ఆవిడ అడ్డం వస్తే ఆవిడకూ ఇదే. తీరా చూస్తే నేను జన్మలో గుర్రమెక్కింది ఒక్కసారి. అదీ చిన్నతనంలో, నాంపల్లి ఎగ్జిబిషనులో గిరగిర తిరిగే చెక్కగుర్రం. ఎక్కని గుర్రాన్ని గురించి ఇంత ధీమాగా మాట్లాడటం మా తెలుగు మాస్టర్లకే చెల్లింది.

ఆ ధీమా ఈమధ్య కాస్త సడలింది. సడలించినవాళ్ళు ఇద్దరు: ఒక ముసలాయన, ఒక ఆడగుర్రం.

మా ఇల్లు పాతబస్తీలో, లాల్ దర్వాజా దగ్గర. అక్కడినుంచి శాలిబండ వైపు సందుల్లో పడి వెడితే ఒక పాత దేవిడీ తాలూకు పడిపోగా మిగిలిన గోడ, గోడ వెనుక రేకుల కొట్టం, కొట్టం ముందు కాస్త జాగా ఉన్నాయి. పెళ్ళిళ్ళకు బాడుగకిచ్చే గుర్రాలు అక్కడ నాలుగుంటాయి. పొద్దున్నే నడవమని డాక్టరు చెప్పిన దగ్గరనుంచి నేనా సందులో నడుస్తున్నాను. ఆదివారాలు మా అబ్బాయి కూడా వస్తాడు. వాడు వచ్చేది నాకోసం కాదు, గుర్రాలకోసం.

పాతబస్తీకి గుర్రం కొత్త కాదు. పాయిగా ప్రభువుల పేరు మీరు వినే ఉంటారు. ఆ పాయిగా అన్న మాటకే అశ్వశాల అని ఒక అర్థం. నిజాముకోసం గుర్రపుదండును పోషించే బాధ్యత వారిది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1886లో గుర్రప్పందాలను మౌలాలి నుంచి మలక్‌పేటకు, తన మహబూబ్ మాన్షన్ పక్కకు తెచ్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు లాన్సర్లు మైసూరు, జోధ్‌పూరు రౌతులతో కలిసి పాలస్తీనా దాకా పోయారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు మూడింటిలో ఒకటి హైదరాబాదు రౌతుదే. తరువాత దండులు పోయాయి, జట్కాలూ పోయాయి. ఇప్పుడు పాతబస్తీలో గుర్రం కనబడితే అది పెళ్ళి ఊరేగింపులోనో, మొహర్రం నాడు బీబీకా ఆలం వెంట నడిచే పోలీసుల కిందనో అయి ఉంటుంది.

ఆ కొట్టంలోకి నిరుడు ఒక కొత్త ఆడగుర్రం వచ్చింది. తెల్లని తెలుపు కాదు, బూడిద కలిసిన తెలుపు. చాంద్‌నీ అని పేరు. వయసు ఆరేళ్ళు. ఏదో ఊళ్ళో పందాలలో పరుగెత్తి, గెలవక, రెండు చేతులు మారి ఇక్కడికి చేరింది. చవకగా వచ్చిందని కొట్టం యజమాని సంబరపడ్డాడు. ఆ సంబరం ఒక్క పూట. మరునాడు దాని మీద జీను వేసి సందులోకి తీసుకువస్తే, మోటారు సైకిలు ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. గుర్రం బెదిరింది. ఎక్కినవాడు వాగెలు బిగబట్టి లాగాడు. లాగినకొద్దీ అది పరుగెత్తింది. ఒక అరటిపళ్ళ బండి బోల్తాపడింది, ఎక్కినవాడి మోచెయ్యి దోక్కుపోయింది. దైవం మేలు, అంతకంటె ఏమీ కాలేదు.

అప్పుడు పిలిచారు ముసలాయనను. డెబ్భై దాటిన మనిషి. తండ్రి ఒక నవాబుగారి దగ్గర గుర్రాలకు నడకలు నేర్పిన చాబుక్‌సవారట. చాబుక్ అంటే కొరడా కదా, ఆ పని కొరడాతో చేసే పనే కాబోలనుకున్నాను. ఆ మాటే ఆయనతో అన్నాను.

ఆయన నవ్వి, “ఫార్సీల చాబుక్ అంటే చురుకైనోడు అని గూడ ఉంది పంతులు సాబ్. కొరడా ఎత్తకముందే గుర్రం మనసు తెలుసుకునేటోడు చాబుక్‌సవార్. కొరడా పట్టుకున్నోడల్లా చాబుక్‌సవార్ అయితడా?” అన్నాడు.

ఇరవై యేళ్ళు భాష చెప్పినవాణ్ణి, ఒక మాటకు రెండో అర్థం గుర్రాల కొట్టంలో నేర్చుకున్నాను.

యజమాని తొందరలో ఉన్నాడు. “ఉస్తాద్, పదిహేను రోజుల్ల పెళ్ళిళ్ళు మొదలైతయి. అప్పటికి బరాత్‌కు తయారు కావాలె.” ఉస్తాద్ మూడు నెలలు అడిగాడు. “మూడు నెలలు దాణా ఎవరు పెడతరు?” అని యజమాని. న్యాయమే మరి, గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. బేరమాడి బేరమాడి రెండు నెలలకు కుదిరింది. అప్పటికి గుర్రం దారికి రాకపోతే ఎవరికి ఎంతకు దొరికితే అంతకు అమ్మేస్తానని యజమాని తేల్చి చెప్పాడు. అలా అమ్మిన గుర్రం ఏ బండికి కట్టబడుతుందో, ఎన్ని దెబ్బలు తింటుందో అందరికీ తెలిసిన సంగతే. తన కూలి మాట ఉస్తాద్ ఎత్తనే లేదు.

మొదటి మూడు రోజులూ ఆయన చేసిన పని ఏమిటనుకున్నారు? జాగా మధ్యన ఒక స్టూలు వేసుకుని కూర్చోవటం. పక్కన గిన్నెలో ఉడికిన ఉలవలు. గుర్రాన్ని పిలవడు, దానివైపు సూటిగా చూడనైనా చూడడు. అది గోడవార తిరుగుతూ ఉంటుంది. మా అబ్బాయికి ఇదేదో తమాషాగా ఉంది. నాకు మాత్రం, రెండు నెలల గడువులో మూడు రోజులు ఇలా పోవటం చూసి ఒళ్ళు మండింది.

నాలుగోనాడు గుర్రమే వచ్చి గిన్నెలో మూతి పెట్టింది. అప్పుడు ఆయన లేచి రెండడుగులు వెనక్కు వేశాడు.

“దగ్గరికొస్తే పట్టుకోక, వెనక్కు పోతారేమిటి?” అన్నాను.

“వచ్చినందుకు ఇనాం సాబ్. నేను జరగంగనే దానికి పానం తేలికైంది. రేపు జల్ది వస్తది.”

మరునాడు నిజంగానే తొందరగా వచ్చింది.

ఆ తరువాత ఆయన నాకు గుర్రం శరీరంలోని సంగతులు చెప్పటం మొదలుపెట్టాడు. నేను పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నాను, ఒక్కటీ తప్పు పోలేదు. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి గనుక అది దాదాపు చుట్టూరా చూడగలదు. కనబడనివి రెండే చోట్లు: సరిగ్గా నుదుటి ముందర, సరిగ్గా తోక వెనుక. మనం ముద్దు చేద్దామని తిన్నగా ముఖం మీదికి చెయ్యి చాస్తే, ఆ చెయ్యి హఠాత్తుగా కనబడకుండా పోతుంది. అందుకని భుజం పక్కనుంచి వెళ్ళాలి. ఎడమవైపు నేర్పిన పాఠం కుడివైపు మళ్ళీ మొదటినుంచి నేర్పాలి. ఇక చర్మమంటారా, ఈగ వాలితే ఆ వాలినచోటు మాత్రమే ముడుచుకుని అదిరేటంత సున్నితం. నోట్లో ముందు పళ్ళకూ దవడపళ్ళకూ నడుమ పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. కళ్ళెం ఆనేది అక్కడే, ఎముక మీది పలచటి చిగురు మీద. అక్కడ మనం లాగిన ప్రతి లాగూ ఎంత నొప్పో ఊహించుకోండి.

“మరి లాగినకొద్దీ ఎందుకు పరుగెత్తింది?” అని మా అబ్బాయి అడిగాడు. నేనడగవలసిన ప్రశ్న అది.

“దానికి అదే నేర్పిండ్రు బేటా. పందెంల జాకీ వాగె బిగబడితే, దాని మీద ఆనుకుని ఇంకా జోరుగ ఉరకాలె. ఈడ మనోళ్ళు బిగబట్టిండ్రు, అది ఉరికింది. అది మొండిది కాదు, చెప్పింది చేసింది.”

ఈ మాట నన్ను పట్టుకుంది. ఊరంతా పొగరుబోతు గుర్రమన్న ఆ జీవి నిజానికి వినయవంతురాలు. సంస్కృతంలో గుర్రాలకు నేర్పే శిక్షకు వినయమనే పేరు. విరాటుని కొలువుకు దామగ్రంథి అన్న పేరుతో వెళ్ళిన నకులుడు తనకు తెలుసునని చెప్పుకున్న విద్యల్లో అశ్వాల స్వభావమూ, వాటి వినయమూ, చెడునడత మాన్పే ఉపాయమూ, వైద్యమూ ఉన్నాయి. స్వభావం ముందు, శిక్ష తరువాత. నేను ఏటేటా విరాటపర్వం చెబుతూ ఈ వరస ఎన్నడూ గమనించలేదు.

రెండోవారంలో బాగ్‌డోరు, అంటే నడిపించే తాడు, కట్టాడు. తాడును కొంచెం బిగిస్తాడు. లాగడు, బిగువు మాత్రం వదలడు. గుర్రం తల ఎగరేస్తుంది, పక్కకు చూస్తుంది, కాలితో నేల గీరుతుంది. ఆయన కదలడు, కోపగించడు, బిగువు పెంచడు. ఎప్పటికో ఒక అడుగు ముందుకు వేస్తుంది. ఆ అడుగు పడీ పడకముందే తాడు వదులు. మళ్ళీ మొదలు. ఒకనాడు ఒక్క అడుగు వెనక్కు వేయించటానికి ముప్పావుగంట నిలబడ్డాడు, నా గడియారం సాక్షి. ఆ ఒక్క అడుగు పడగానే తాడు విప్పి, “ఇయ్యాళ్టికి చాలు” అని దాణా పెట్టాడు.

“బిగించుడుతోని గుర్రానికి ఏం తెల్వదు సాబ్. వదులుడుతోని తెలుస్తది. అది సరిగ చేసిన గడియలనే వదలాలె. జర ఆలస్యమైందా, ఎందుకు వదిలిండో దానికి సమజ్ కాదు.”

నాకు నమ్మకం కుదరలేదని గ్రహించి, వాగె తోలు ఒక చివర నా చేతికిచ్చి, “మీరు గుర్రం. కండ్లు మూసుకోండి” అన్నాడు. రెండో చివర ఆయన పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని నిలబడ్డాను. కాసేపటికి నా వేళ్ళమీద ఏదో తెలిసింది. “ఇప్పుడు నేనేం చేసిన?” అన్నాడు. “లాగారు” అన్నాను. కళ్ళు తెరిచి చూద్దును కదా, ఆయన చెయ్యి ఉన్నచోటే ఉంది. వేళ్ళు మాత్రం, పిండితే నీళ్ళు కారేటంత తడి లేని గుడ్డను పిండినట్టు, కొంచెం ముడిచాడంతే. పుస్తకం పట్టి పట్టి మొద్దుబారిన నా వేళ్ళకే అంత తెలిస్తే, ఈగ వాలితే తెలిసే గుర్రానికి ఎంత తెలుస్తుంది!

ఇందుకు ఒక కథ ఉంది. 1904 ప్రాంతంలో బెర్లిను నగరంలో ఒక లెక్కల మాస్టారు తన గుర్రానికి కూడికలు, తీసివేతలు నేర్పానన్నాడు. ఆ గుర్రం పేరు హాన్స్. మూడూ రెండూ ఎంత అంటే డెక్కతో అయిదుసార్లు తట్టి ఆగేది. పండితులు వచ్చి చూసి తలలూపారు. 1907లో ఫుంగ్‌స్ట్ అనే మానసిక శాస్త్రవేత్త గుట్టు విప్పాడు. సమాధానం అడిగేవాడికి తెలియకపోతే గుర్రానికీ తెలియటం లేదు. సరియైన సంఖ్య రాగానే అడిగినవాడి తలా, ఒళ్ళూ తనకు తెలియకుండానే ఇసుమంత కదిలేవి. అది చూసి గుర్రం ఆగేది. అంటే, దానికి లెక్కలు రావు. మాస్టారు మాత్రం బాగా వచ్చు. 2009లో స్వీడనులో మరొక ప్రయోగం చేశారు. గుర్రాన్ని నడిపించేవాళ్ళతో, ఎక్కినవాళ్ళతో, “ఈసారి మీరు వెళ్ళేటప్పుడు గొడుగు ఒకటి టపీమని తెరుస్తాం” అన్నారు. తెరవనే లేదు. కాని ఆ మాట విన్న మనిషి గుండె వేగం హెచ్చింది, ఆ మనిషితో ఉన్న గుర్రం గుండె కూడా హెచ్చింది. గుర్రానికి గొడుగు సంగతి ఎవరు చెప్పారు? మనిషి భయమే చెప్పింది.

నాలుగోవారంలో ఒక తప్పు జరిగింది. ఉస్తాద్‌కు పంతొమ్మిదేళ్ళ మనవడున్నాడు. సన్నటి కుర్రాడు. చాంద్‌నీ మీద మొదట ఎక్కవలసినవాడు అతనే. ఆనాడు ముసలాయన ఆస్పత్రికి వెళ్ళాడు. స్నేహితులు నలుగురు వచ్చి గోడమీద కూర్చున్నారు. వాళ్ళ ముందర గొప్పకు కుర్రాడు తొందర తొందరగా జీను వేసి తంగు బిగించాడు. గుర్రం పక్కకు జరిగింది. స్నేహితులు నవ్వారు. కుర్రాడు చేతికందిన కొరడాతో రెండు దెబ్బలు వేశాడు.

రెండంటే రెండే. మరునాడు ఆ కుర్రాడు ఎడమవైపునుంచి వస్తే చాంద్‌నీ గోడకు అంటుకుపోయింది. జీను చూస్తే ఒళ్ళంతా వణుకు. ఇరవై రోజుల పని రెండు దెబ్బలతో పోయింది.

ముసలాయన మనవణ్ణి ఏమంటాడోనని నేను చూస్తున్నాను. నిజం చెబితే, నాలుగు తగిలించాలనే నా అభిప్రాయం. ఆయన ఏమీ అనలేదు. స్టూలు తెచ్చి జాగా మధ్యలో వేసి, ఉలవల గిన్నె కుర్రాడి చేతికిచ్చి, “కూసో” అన్నాడు. కుర్రాడు అయిదు రోజులు కూర్చున్నాడు. ఆరోనాడు గుర్రం వచ్చింది. కుర్రాడు లేచి, రెండడుగులు వెనక్కు వేశాడు.

ఇంటికి వస్తూ దారిలో మా అబ్బాయి, “తాతగారు ఆ అన్నయ్యను తిట్టలేదేం నాన్నా?” అని అడిగాడు. ఏదో సమాధానం చెప్పాను. ఏం చెప్పానో జ్ఞాపకం లేదు. వాడు అడిగిన గొంతు మాత్రం జ్ఞాపకముంది.

మొదటి సవారీ ఆరోవారంలో. అంతకుముందు కంబళి కప్పటం, తీయటం. జీను పెట్టటం, తీయటం. తంగు ఒక్కొక్క రంధ్రమే బిగించటం. కుర్రాడు పక్కన నిలబడి రెండు చేతులూ జీను మీద ఆనించి బరువు వేయటం, తీసేయటం. బోర్లా పడుకోవటం, దిగిపోవటం. ఎప్పుడు దిగాలి? గుర్రం చెవులు వెనక్కు వాలకముందే దిగాలి. అది విసుక్కున్నాక దిగితే, విసుక్కుంటే దిగుతారని నేర్చుకుంటుంది. పందెపు గుర్రాలను నడుస్తుండగానే ఎక్కటం అలవాటు, అందుకని ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడటమే చాంద్‌నీకి కొత్త పాఠం. బరువు సంగతి కూడా ఉంది. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో అయిదోవంతు మించకూడదంటారు. రెండేళ్ళకే పందాలలో పరుగెత్తిస్తారు గాని, గుర్రం వెన్నెముక పూర్తిగా గట్టిపడటానికి అయిదేళ్ళు దాటుతుంది.

ఆ ఉదయం కుర్రాడు మెల్లగా కాలు అవతలికి వేసి కూర్చున్నాడు. వాగెలు మెడమీద వదులుగా ఉన్నాయి. బాగ్‌డోరు ఉస్తాద్ చేతిలో ఉంది. మేమందరం ఊపిరి బిగబట్టాం. ఉస్తాద్ వెనక్కు తిరిగి, “సాబ్, మీరు ఊపిరి తీసుకోండి, అది మిమ్మల్నే చూస్తుంది” అన్నాడు. సిగ్గుపడి ఊపిరి వదిలాను. గుర్రం కూడా ముక్కుపుటాలు అదిరేటట్టు బుస్సుమని వదిలింది, తల దించింది. పది అడుగులు నడిచింది. కుర్రాడు ఊపిరి వదిలి జీనులోకి బరువుగా దిగాడు. వాగె లాగకుండానే ఆగింది. అంతే. దిగిపోయాడు. మొదటి సవారీ పది అడుగులు.

మరునాడు ఇరవై. వారం తిరిగేసరికి జాగా చుట్టూ కావా, అంటే గుండ్రంగా తిరగటం. తరువాత దుల్కీ నడక. మా అమరకోశంలో గుర్రపు నడకలు అయిదని వల్లెవేశానే గాని, నడక మారేటప్పుడు గుర్రం వీపు ఎలా పైకి లేస్తుందో అప్పుడే చూశాను.

మన పాతవాళ్ళకు ఇవన్నీ తెలియవని కాదు. మనుమంచిభట్టు తెలుగులో అశ్వశాస్త్రమే రాశాడు. మేలుజాతి గుర్రాలు తెచ్చే విదేశీ వర్తకులను ఆదరించి, అవి శత్రువులకు చేరకుండా చూసుకోమని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పాడు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథానికి గుర్రాలను ఎంచినప్పుడు బక్కపలచటివాటిని ఎంచాడు. ఇవి విదర్భదాకా ఏం పోతాయని రాజుకు సందేహం. ఒక్క రోజులో పోయాయి. నలుడికి తెలిసిన ఆ విద్య పేరు అశ్వహృదయం. హృదయమన్నారు గాని అశ్వబలమనలేదు. గ్రీకుదేశంలో సోక్రటీసు శిష్యుడు జెనొఫోను రెండువేల మూడువందల యేళ్ళకు పూర్వం గుర్రపు స్వారీ మీద పుస్తకం రాసి, కోపంలో గుర్రం దగ్గరకు పోవద్దన్నాడు. దేశాలు వేరైనా గుర్రం ఒక్కటే కదా.

ఒకనాడు ధైర్యం చేసి ఉస్తాద్‌కు నా సామెత వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించాడు.

“సామెత ఝూటా కాదు సాబ్. ఒకనాడు అడిగి ఒకనాడు అడగనోడు, అడిగి నడుమల ఇడిసిపెట్టేటోడు, వాని కింద గుర్రం మూడు కాళ్ళతోనే నడుస్తది. నేను ఎన్నడన్న అడిగి ఇడిసిపెట్టిన్నా? ముప్పావుగంట నిలబడ్డ గదా. కాని దెబ్బ కొట్టలే.”

నేను మెత్తదనమంటే చేతకానితనమనుకున్నాను. ఆయన మెత్తదనంలో చాలా పట్టు ఉంది. కొంచెమే అడుగుతాడు, అడిగింది వచ్చేదాకా ఉంటాడు, రాగానే వదిలేస్తాడు. ఈ మూడింటిలో నాకు మొదటి రెండూ ఎంతో కొంత వచ్చు. మూడోది బొత్తిగా రాదు.

గడువు ముగిసే రోజు వచ్చింది. యజమాని మర్ఫావాళ్ళను నలుగురిని తెచ్చాడు. పాతబస్తీలో పెళ్ళి అంటే మర్ఫా మోగవలసిందే. అరబ్బుల వెంట, సిద్దీల వెంట మన ఊరికి వచ్చిన వాద్యమది. వాళ్ళు సందు చివర నిలబడి డప్పులు అందుకున్నారు. చాంద్‌నీ మీద కుర్రాడున్నాడు, ముందు ఉస్తాద్ ఉన్నాడు. మొదటి దెబ్బకు గుర్రం ఒళ్ళు బిగుసుకుంది. చెవులు ముందుకు పొడుచుకొచ్చాయి, మెడమీద చెమట పట్టింది. కాని పరుగెత్తలేదు. తలను ఉస్తాద్ రొమ్ముకు ఆనించి నిలబడింది. వాద్యం ఆగేదాకా అలాగే నిలబడింది.

“శభాష్! నిలబడ్డది!” అని యజమాని చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాడు. “శుక్రవారమే ఒక బరాత్ ఉంది ఉస్తాద్.”

ఉస్తాద్ గుర్రం మెడ తుడుస్తూ అన్నాడు: “బరాత్‌కు పంపొద్దు. భయం పోయి నిలబడలే, నా మొఖం చూసి నిలబడ్డది. రేపు పటాకులు పేలుతయి, నెత్తిమీద లైట్లు, చుట్టూ పిల్లలు. ఒక్క పిల్లగానికి దెబ్బ తాకితే ఖుదాకు నేనేం జవాబియ్యాలె?”

యజమాని ముఖం ఎర్రబడింది. రెండు నెలల దాణా! ఆ మాటే గట్టిగా అన్నాడు, అనవలసినవి మరికొన్నీ అన్నాడు. ఉస్తాద్ వింటూ నిలబడ్డాడు. యజమాని మాటలయ్యాక మెల్లగా చెప్పాడు: ఊరి బయట పిల్లలకు స్వారీ నేర్పే చోటు ఒకటి తనకు తెలుసు. అక్కడ మైదానం ఉంది, డప్పులు లేవు. చేతుల్లో బరువు లేని పిల్లలకు ఇటువంటి గుర్రం కావాలి. బదులుగా బరాత్‌కు పనికివచ్చే వయసు మళ్ళిన నెమ్మది గుర్రం ఒకటి ఇప్పిస్తాను, అన్నాడు. పైన కొంత సొమ్ము యజమాని చేతినుంచే పడింది. వారం రోజులు ఉస్తాద్‌తో మాట్లాడలేదు గాని, చివరకు ఒప్పుకున్నాడు. కొనేవాళ్ళకు ఉస్తాద్ చాంద్‌నీ భయాలన్నీ వరసగా చెప్పే అప్పగించాడు: మోటారు సైకిలు, డప్పు, ఎడమవైపు కొరడా.

మొన్న సెలవుల్లో మా అబ్బాయిని తీసుకుని చూడబోయాను. పదేళ్ళ పిల్ల ఒకతె చాంద్‌నీ మీద కూర్చుని ఉంది. వాగెలు వదులుగా వేలాడుతున్నాయి. గుర్రం తల దించుకుని, చెవులు రెండూ ఆ పిల్ల వైపు తిప్పుకుని మెల్లగా నడుస్తోంది. నాలుగు కాళ్ళ మీదనే నడుస్తోంది.

ఆ రాత్రి మా అబ్బాయిని పద్యం అప్పజెప్పమన్నాను. ఏడాదిగా వాడు పుస్తకం తీసుకుని తానుగా నా దగ్గరకు రావటం మానేశాడు. పిలిస్తే వస్తాడు, గోడవార నిలబడతాడు. ఎందుకో ఇన్నాళ్ళూ నేను ఆలోచించలేదు. వాడు పద్యం తడబడితే సామెత విసిరేవాణ్ణి. సరిగా చెబితే “ఊఁ, తరువాతిది” అనేవాణ్ణి. అది చెబితే దాని తరువాతిది. బిగించటమే గాని వదలటమన్నది లేదు.

ఆనాడు వాడు మూడో పాదంలో ఆగాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. వాడు గోడవైపు చూశాడు, పైకి చూశాడు, కాలి బొటనవేలితో నేల రాశాడు. నేను ఊపిరి వదిలాను. కాసేపటికి వాడికే జ్ఞాపకం వచ్చింది. నాలుగో పాదం కూడా సరిగ్గా చెప్పి, తరువాతిది అడుగుతానని నా ముఖం చూశాడు.

“చాలు నాయనా. వెళ్ళి ఆడుకో” అన్నాను.

వాడు నమ్మలేనట్టు ఒక్క క్షణం నిలబడి, తుర్రుమన్నాడు. వంటింట్లోనుంచి మా ఆవిడ తొంగి చూసి, “ఒంట్లో బాగానే ఉంది కదా మీకు?” అంది.

సామెతలలో మరొకటి ఉంది: “రౌతు కొద్దీ గుర్రం” అని. ఇన్నేళ్ళూ నేనది ఎక్కువ వాడలేదు. అది గుర్రాన్ని గాక రౌతును అంటుంది గదా, అందుకని కాబోలు.

నిన్న రాత్రి భోజనాలయ్యాక వాడు పుస్తకం పట్టుకుని, పిలవకుండానే, నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు.